పదో వంతు జీపు

ఈ ఉదయం పింగాణీ గిన్నెలో గులాబీ రంగు పొడి పోసి, పైన లిక్విడ్ చుక్కలు వేసి కలుపుతుంటే ఘాటు వాసన ముక్కుకెక్కింది. కట్టుడు పళ్లు చేసేవాళ్లకు అది అన్నం ఉడికే వాసన లాంటిది. రోజూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ కిటికీ తెరిచి ఉండి, పక్కింటి వైపు నుంచి గాలి కొట్టిన రోజు మాత్రం నాకది పళ్ల వాసనగా అనిపించదు. జీపు వాసనగా అనిపిస్తుంది. అడుగున్నర పొడవైనా లేని ఒక జీపు. దాన్ని ఇదే బల్ల మీద, ఇదే గిన్నెలో కలిపిన ముద్దతో చేశాను. చేయించింది పక్కింటి చెన్నయ్య పెదనాయన. మాకు చుట్టరికమేమీ లేదు. ఇళ్ల మధ్య గోడ ఒక్కటే ఉమ్మడి.

మీరు ఆయన్ని చూసి ఉండరు. మార్కాపురం నుంచి త్రిపురాంతకం మీదుగా పుల్లలచెరువు దాకా ఇరవై ఎనిమిదేళ్లు సర్వీసు జీపు తోలిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. భుజం మీద ఎర్ర గళ్ల తువ్వాలు లేకుండా నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు. పెళ్లివాళ్లు, పురుటి మనుషులు, ఎరువుల మూటలు, మేకపిల్లలు, చెయ్యెత్తిన ఎవరినీ రోడ్డు మీద వదిలి పోలేదని ఆయనకు మహా గొప్ప. మేము ఆ వీధిలో అద్దెకు దిగేసరికే జీపు లేదు. పాత ఇనుము వాళ్లు ఇంటి ముందరే కోసి పట్టుకుపోయారట. ఆ రోజు ఆయన గది తలుపు వేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదని తిరుపతమ్మ పెద్దమ్మ, అంటే ఆయన భార్య, నాకు తర్వాత చెప్పింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పళ్ల సెట్లు చేసే కోర్సు చదివొచ్చి, మా ఇంటి ముందు గదిలో ల్యాబు పెట్టుకున్నాను. డాక్టర్లు నోటి కొలతలు పంపిస్తే చేసిచ్చేదాన్ని. సగం సెట్లు తిరిగొచ్చేవి. వదులుగా ఉందనో, ఒత్తుతోందనో. తిరిగొచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. కొలతలు తీయడం రాదు గానీ వంకలు పెట్టడం మాత్రం వచ్చంటూ డాక్టర్లను ఒక్కదాన్నే నిలబడి తిట్టిపోసేదాన్ని. ఉమ్మడి గోడ కాబట్టి అవతలి ఇంట్లో వాళ్లకు నా తిట్లన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఒక మధ్యాహ్నం పెదనాయన గుమ్మాన్ని చేత్తో తడుముకుంటూ లోపలికొచ్చాడు.

"పాపా, నువ్వు నోట్లో పట్టే పండ్లు చేస్తావు గదా. ఒడిలో పట్టే జీపు చేస్తావా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"కండ్లకు నీటికాసులంట. పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. ఉన్నది నిలబడేదానికి చుక్కలు ఇచ్చినాడు, అవి గూడ పనిచేసేట్టు లేవు. ఎట్లుందంటే, జీపు అద్దానికి అంచుల్నుంచి దుమ్ము పట్టుకుంటా వస్తాంది. వైపరు తుడిచిన మేర మాత్రం కనపడతాంది. ఆ మేర గూడ రోజురోజుకీ తగ్గుతాంది."

"మరి జీపెందుకు పెదనాయనా?"

"మొత్తం మూసుకపోకముందే నా బండిని ఒక్కసారి నిండుగా చూడాల. నిజం బండి తెచ్చి ముందర నిలబెట్టినా నాకు ముక్కలుగానే కనపడతాది. చక్రం చూస్తే టాపు ఉండదు, టాపు చూస్తే చక్రం ఉండదు. చిన్నదయితే ఒక్క చూపులో పడతాది."

నా చేత కాదని చెప్పడానికే నోరు తెరిచాను. ఈలోపే ఆయన జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. దసరా పూజ నాటిది. బంతిపూల దండ వేసుకున్న ముదురు పచ్చ జీపు, కుడి వైపు నుంచి తీసింది. ఆ ఒక్క ఫోటో, ఆయన జ్ఞాపకం, అంతే మా దగ్గర ఉన్న సరంజామా.

నిజం బండిలో పదో వంతు చేద్దామనుకున్నాం. ఆయన చెబుతుంటే నేను కొలతలు రాసుకున్నాను. వెనక బెంచీ పొడవెంతంటే క్షణం ఆలోచించకుండా "పక్కకు ఆరుగురు" అన్నాడు. మనిషికి అడుగుంపావు చొప్పున లెక్క వేసి, దానికి తగ్గ మైనం అచ్చు చేసి, నాలుగు రోజులు కష్టపడి వెనక భాగం పోత పోశాను. తీరా ఇంజను పక్కన పెట్టి చూస్తే, ముందు జీపు, వెనక బస్సు! మా అమ్మ చూసి పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం తల తిరిగిపోయింది.

"ఆరుగురన్నావు కదా పెదనాయనా!"

"ఆరుగురే కూర్చునేటోళ్లు పాపా. అబద్ధం చెప్తానా?"

అని ఊరుకోలేదు. మా వసారాలో నులక మంచం వాల్చి, దాని మీద నాలుగడుగుల మేర సుద్దతో గీత గీయించాడు. పెద్దమ్మను, మా అమ్మను, నన్ను, నీళ్ల కోసం వచ్చిన ఎదురింటి అక్కచెల్లెళ్లను, కూరలమ్ముకునే ఆమెను వరసగా ఎక్కించాడు. "ఒకరు ముందుకు జరగండి, ఒకరు వెనక్కి ఆనుకోండి. ముందు, వెనక, ముందు, వెనక. ఆఁ, బిగబట్టండి... పట్టినారా లేదా?" పట్టాం. ఆరుగురం ఊపిరి బిగబట్టుకుని ఆ నాలుగడుగుల్లో కూర్చున్నాం. కూరలామె నా మోకాలి మీద తన గంప కూడా పెట్టింది. బండికి కంపెనీ వేసిన కొలత ఆయనకు ఎప్పుడూ తెలియదు. ఎంతమంది పట్టారో అదే ఆయనకు కొలత. ఆ రోజు నవ్వలేక నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి. మర్నాడు వెనక భాగాన్ని పగలగొట్టి మళ్లీ మొదలుపెట్టాను.

తర్వాత బానెట్టు. మైనం అచ్చును ఇత్తడి పెట్టెలో ప్లాస్టరు పోసి బిగించి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ముద్ద కూరి, వేడినీళ్లలో ఉడకబెట్టాలి. ఉడికాక ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. నాకు ఆగే ఓపిక ఏది? పొగలు కక్కుతున్న పెట్టెను పట్టకారుతో తీసి, కొళాయి కింద పెట్టి విప్పేశాను. బానెట్టు వేయించిన అప్పడంలా వంకర తిరిగి వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి దాన్ని గోడకేసి కొట్టాను. ముక్కలు ఆయన కాళ్ల దగ్గర పడ్డాయి. ఆయన వంగి, తడిమి తడిమి ఒక్కొక్కటే ఏరి నా చేతిలో పెట్టాడు.

"ఇంజను కాగినప్పుడు రేడియేటరు మూత తీస్తారా ఎవురన్నా? మొగం కాలిపోతాది. చెట్టు కింద బండి నిలిపేది, బీడీ తాగేది, అదే చల్లారతాది. నువ్వు పండ్లు గూడ ఇట్లనే తీస్తాండావా?"

అవును, పళ్లు కూడా అలాగే తీస్తున్నాను. తిరిగొచ్చిన ప్రతి సెట్టూ నా తొందర వల్లే వంకర పోయింది. రెండేళ్లుగా తప్పు నా చేతుల్లో పెట్టుకుని తిట్టింది డాక్టర్లను! ఆ సాయంత్రం పెట్టెను నీళ్లలోనే వదిలేసి, ఆయనతో పాటు వసారాలో కూర్చున్నాను. ఆయన పుల్లలచెరువు దారిలో ఒక్కో మలుపూ చెప్పుకుంటూ పోయాడు. నీళ్లు చల్లబడే వేళకు మేము ఊరు చేరాం. బానెట్టు నున్నగా, చదునుగా వచ్చింది. ఆ నెల నుంచి నా సెట్లు తిరిగి రావడం తగ్గిపోయింది.

కానీ ఆయన చూపు ఆగలేదు. వాళ్లింట్లో కుర్చీకి ఎదురుగా గోడకు క్యాలెండరుండేది. రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుని పరీక్ష పెట్టుకునేవాడు. పని మొదలుపెట్టినప్పుడు ఆదివారం నుంచి శనివారం దాకా ఒకేసారి కనిపించేవి. హవాయి చెప్పుల అడుగులు కోసి టైర్లు చేసేనాటికి సోమవారం నుంచి శుక్రవారం దాకానే. పసిపిల్లల గాజుతో స్టీరింగు, పాత గొడుగు బట్టతో టాపు అమర్చేసరికి మూడు. "ఈ పొద్దు బుధవారం ఒక్కటే ఉండాది పాపా" అన్నాడొక రోజు. ఇక నేను డాక్టర్ల పని పక్కన పడేసి జీపు పనే చేశాను. పెట్టెను మాత్రం వేడి మీద విప్పలేదు.

మడ్గార్డులు చేసేటప్పుడు ఆయనొక మాటన్నాడు. "ఎడమ దానికి ముందర సొట్ట ఉండాది. కొబ్బరికాయ పట్టేంత." ఊఁ అన్నాను గానీ, చేయలేదు. మరిచిపోయి కాదు. కావాలనే చేయలేదు. మూడు నెలల కష్టం. ఇంత నాజూకైన వస్తువు నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు. దానికి నా చేత్తో నేనే సొట్ట పెట్టాలా? నా పనే వంకరలు సరిచేయడం కదా అనుకున్నాను. రెండు మడ్గార్డులూ అద్దంలా నున్నగా చేసి ముదురు పచ్చ రంగు వేశాను.

పూర్తయిన జీపును ఆయనకు చూపించింది వాళ్ల వాకిట్లోనే, మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. దగ్గరగా పెడితే బానెట్టు తప్ప ఏమీ కనపడలేదు. "వెనక్కి పో" అన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాను. "ఇంకొంచెం... ఇంకొంచెం..." జీపును రెండు చేతుల్లో పట్టుకుని ప్రహరీ గోడకు వీపు తగిలే దాకా వెళ్లాను. "ఆఁ, నిలువు. పడింది." చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ పక్క తిప్పమన్నాడు. తిప్పాను.

"బాగుంది పాపా. శానా బాగుంది. షోరూము బండి మాదిరి ఉండాది." భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "కానీ ఇది నాది గాదు."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "సొట్ట తప్పే కదా పెదనాయనా! తప్పును సరిచేశాను."

"తప్పని నీకెవురు చెప్పినారు?" అన్నాడు మెల్లగా.

గడప మీద కూర్చున్న పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అది నేను పెట్టిన సొట్ట మ్మే! బండి కొన్న ఏడు, నేర్పిస్తా రమ్మని నన్ను కూర్చోబెట్టినాడు. బ్రేకనుకోని ఇంకోటి తొక్కినా. నేరుగా పోయి మైలురాయికి గుద్దినా. కొత్త బండి! కొడతాడేమోనని చచ్చేంత భయపడినా. ఈ మనిషి దిగి చూసి, మళ్లా ఎక్కి పక్కన కూచుని, 'పోనీ, ఇంటిదాకా నువ్వే తోలు' అన్నాడు. తోలినా. మెకానిక్కులు కొట్టి సాపు చేస్తామని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. నా గుర్తు తీసేసినావు గదమ్మే నువ్వు!"

జీపును పట్టుకుని మా ఇంటికి పరుగెత్తాను. రంగు గీకేశాను. గట్టిపడిన మడ్గార్డును స్పిరిటు దీపం మీద మెత్తబరచాలి. ఎక్కువైతే బుడగలొస్తాయి, తక్కువైతే పగులుతుంది. పగిలితే మళ్లీ చేయడానికి వారం పడుతుంది. ఆయన దగ్గర వారం ఉందో లేదో. చిన్న చెంచా వెనక వైపుతో మెల్లగా నొక్కి పట్టుకున్నాను. చల్లారే దాకా, నా వేళ్లు తిమ్మిరెక్కే దాకా కదలలేదు. నా బతుకులో అంత ఓర్పుగా ఎప్పుడూ లేను.

మర్నాడు అదే వేళకు, అదే గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఎడమ పక్క తిప్పాను. ఆయన తల కొద్దిగా అటూ ఇటూ జరిపి వెతుక్కున్నాడు. దొరికింది. నాకు తెలిసిపోయింది, ఎందుకంటే తువ్వాలు తీసి ముఖం మొత్తం కప్పుకున్నాడు. ఆ తువ్వాలు కింద నుంచే పిలిచాడు.

"తిరుపతీ, నీ సొట్ట వచ్చింది సూడు."

పదిహేను రోజులకు ఆ బుధవారం కూడా పోయింది. తర్వాత ఆరేళ్లు బతికాడు. కుర్చీలో కూర్చుని జీపును ఒళ్లో పెట్టుకునేవాడు, బొటనవేలు ఎడమ మడ్గార్డు మీద ఆనించి. అక్కడ రంగు అరిగిపోయి లోపలి గులాబీ రంగు బయటపడింది. ఇప్పుడది పెద్దమ్మ టీవీ పక్కన ఉంది. నాలుగుసార్లు రంగు వేస్తానన్నాను. వద్దంది.

పొద్దున నేను కలిపిన ముద్ద కొమరోలు నుంచి వచ్చిన ఒక ముసలామె సెట్టుకు. ఇత్తడి పెట్టె నీళ్లలో చల్లారుతోంది, నాకేం తొందర లేదు. పోయిన మంగళవారం డాక్టరు ఆమెను నా దగ్గరికే పంపితే, మైనంలో పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూసేటప్పుడు, అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను, ముందు పళ్లు మునుపు ఎలా ఉండేవమ్మా, వరసగానేనా అని. ఆమె సిగ్గుపడింది.

"ఎందుకులే మ్మా. ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. అందరూ ఎగతాళి చేసేటోళ్లు. మా ఆయన మటుకు..." అని ఆపేసింది.

నేను దీపం వెలిగించి మైనం మెత్తబరిచాను. ఒక పన్నును కొంచెం తిప్పి, పక్కదాని మీదికి జరిపి, చల్లారే దాకా వేలితో పట్టుకున్నాను. నోట్లో పెట్టి అద్దం చేతికిచ్చాను. ఆమె అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. తర్వాత నవ్వింది. నవ్వి, పాత అలవాటు కొద్దీ గబుక్కున చేత్తో నోరు మూసుకుంది.