గోంగూర మాంసానికి నేను రాసిన నాలుగు నిబంధనలు

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు పోయిన కథ. దాన్ని ఎవరో తియ్యలేదు. నేనే కాగితం మీద అంకెలు వేసి, కింద సంతకం పెట్టి మరీ తీసుకున్నాను.

ప్రత్తిపాడు చుట్టుపక్కల మాది ఒకప్పుడు పేరున్న కుటుంబం. తాతగారి హయాంలో పొలాలు వెళ్ళాయి. నాన్నగారి హయాంలో మేడ వెళ్ళింది. ఇప్పుడందులో ఎరువుల బస్తాలు కాపురం ఉంటున్నాయి. నా వంతుకి మిగిలింది ఒక్కటే, ఊళ్ళోవాళ్ళు నన్ను 'బాబుగారు' అని పిలవడం. పత్తి మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ కూడా ఆ 'గారు'ని జరీ కండువాలా భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి. నా వెన్ను ఎంత నిటారుగా ఉండేదంటే, బస్సులో ఒకాయన నన్ను కడ్డీ అనుకుని నల్లపాడు దాకా పట్టుకుని నిలబడ్డాడు.

శీను నాతోపాటు చదువుకున్నవాడు, మిరప రైతు. ఓ రోజు టీకొట్టు దగ్గర మా ఇంటి గోంగూర మాంసం గురించి నేను నూరోసారి చెబుతుంటే అడ్డం వచ్చాడు.

"ఆ కూర మీరెప్పుడైనా వండారా బాబుగారూ?"

"వండటమేమిటి శీనూ? అది రక్తంలో ఉంటుంది."

"రక్తంలోది గిన్నెలోకి వస్తుందో రాదో చూద్దాం. ఆదివారం మా డాబా మీద ఇద్దరం వండుదాం. మీరు గెలిస్తే నేను చచ్చేదాకా మీకు గారూ, మీరూ. నేను గెలిస్తే మాత్రం అందరి ముందూ 'ఒరేయ్ రామం' అంటా. సరేనా?"

శీను పొద్దున 'ఒరేయ్' అంటే సాయంత్రానికి ఊరంతా అంటుంది. బుద్ధున్నవాడైతే నవ్వేసి టీ తాగి వెళ్ళిపోయేవాడు. నేను కాగితం అడిగాను.

శీను అరుగు మీద నిబంధనల సభ కూర్చుంది. రిటైరైన హెడ్మాష్టారు మధ్యవర్తి. మొదటిది సాఫీగా గడిచింది: ఒకే పొట్టేలు మాంసం, ఒకే గోంగూర, ఒకే కారం. రెండోది, ఇంట్లో ఆడవాళ్ళ సాయంగానీ సలహాగానీ తీసుకోకూడదు.

"మా ఆవిడకి ఆ పూట సెలవన్నమాట. రాయండి, రాయండి!" అన్నాడు శీను.

మూడోది దగ్గర పేచీ మొదలైంది. వండేటప్పుడు రుచి చూడకూడదన్నాను.

"ఉప్పు ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు శీను.

"మా వంటవాళ్ళు వాసన పట్టి చెప్పేవాళ్ళు. గరిటె నాకి మళ్ళీ గిన్నెలో పెడితే ఎంగిలి కాదూ?"

"గరిటె నాకేదెవరు? అరచేతిలో చుక్క వేసుకుంటాం."

"అరచెయ్యి నాకి, అదే చేత్తో మళ్ళీ గరిటె పట్టుకోవూ? ఎంగిలి కూర అతిథికి పెట్టడం మా వంశంలో లేదు!"

మాష్టారు కళ్ళజోడు సర్దుకుని, "వాదనలో బలముంది. ఆకలి మాత్రం తీరేలా లేదు," అన్నారు. నేను మూడోదీ రాసేశాను.

నాలుగోది నా మేధస్సుకి పరాకాష్ఠ. రెండు కూరలూ ఒకేలాంటి బకెట్లలోకి మారుస్తారు. ఒకదాని అడుగున దారం కడతారు. ఏది ఎవరిదో వడ్డించే మాష్టారికి తప్ప ఎవరికీ తెలియదు. మొహమాటం మెప్పులు చెల్లవు. ముందుగా ఏ కూర మారు అడుగుతారో అదే గెలిచినట్టు.

"మనమూ పంక్తిలో కూర్చుంటామా?" అన్నాడు శీను.

"మా తాతగారు పంక్తికి మొదట కూర్చునేవారు."

"మరి మనం అడిగినా లెక్కేనా?"

"లెక్కే. నేను ఎలాగూ నా కూరే అడుగుతాను."

"ఏది మీదో ఎలా తెలుస్తుంది?"

"నా కూర నాకు తెలియదా!"

శీనుకి పొలమారింది. పాపం, మంచినీళ్ళు నేనే అందించాను.

శనివారం రాత్రి మా ఆవిడ జానకి, "ఏవండీ, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చెప్పనా?" అంది.

"రెండో నిబంధన," అన్నాను.

"మీ ఇష్టం," అని అటు తిరిగి పడుకుంది. దుప్పటి మాత్రం చాలాసేపు కదులుతూనే ఉంది.

ఆదివారం డాబా మీద రెండు గ్యాసు పొయ్యిలు పెట్టారు. ఉల్లిపాయలు కోస్తూ నేను కార్చిన కన్నీళ్ళు మేడ అమ్మిన రోజు కూడా కార్చలేదు. మాంసం ఉడికింది, గోంగూర పడింది. ఉప్పు డబ్బా మూత తీశాను. సరిగ్గా అప్పుడే శీను పక్కపొయ్యి దగ్గర్నుంచి, "మీ తాతగారి వంటింట్లో ఎన్ని పొయ్యిలుండేవండీ?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండగలనా? ఏడు పొయ్యిల చరిత్రా పూర్తిగా చెప్పాను. చెప్పి, ఎంతో జాగ్రత్తగా ఉప్పు డబ్బా మూత పెట్టేశాను.

మధ్యాహ్నం అరిటాకులు వేశారు. నలుగురు ఇరుగుపొరుగువాళ్ళు, శీను, పంక్తికి మొదట నేను. మాష్టారు రెండు కూరలూ వడ్డించారు. అందరూ రెండూ రుచి చూశారు. ఆ తరవాత ఒక్కరూ తలెత్తలేదు. పరీక్ష హాల్లో పిల్లల్లా ఎవరి ఆకులోకి వాళ్ళు చూసుకుంటున్నారు. శీను కూడా ఉత్త పెరుగన్నం కలుపుకుంటున్నాడు. వాళ్ళ మౌనం నా పరువుకి కాపలా కాస్తోందని నాకేం తెలుసు? నా వంట ముందు మాటలు పడిపోయాయనుకున్నాను.

ఎడమవైపు కూర ఇంకో ముద్ద తిన్నాను. ఆహా! కారం, పులుపు, ఉప్పు అన్నదమ్ముల్లా కలిసి ఉన్నాయి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మాష్టారూ! ఈ కూర ఇంకాస్త వెయ్యండి!"

పంక్తి మొత్తం ఉలిక్కిపడింది. మాష్టారు వంగి, మెల్లగా, "బాబూ, ఇంకోసారి ఆలోచించుకో. ఈ కూరేనా?" అన్నారు.

"ఇదే! మా తాతగారింటి రుచి! కుడివైపుది వట్టి చప్పిడి. పథ్యం చేసేవాళ్ళకి పంపండి."

మాష్టారు నిట్టూర్చి ఎడమవైపు బకెట్టు పైకెత్తారు. అడుగున దారం వేలాడుతోంది.

"దారం శీనుది," అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. శీనే ముందు తేరుకుని, "పోనిద్దురూ బాబుగారూ, సరదాకి అనుకున్నదేగా," అన్నాడు.

నేను వెన్ను ఇంకా నిటారు చేశాను. "నిబంధన నిబంధనే శీనూ. పిలువు."

"వద్దులెండి."

"పిలవాలి! సంతకం పెట్టాను."

శీను గొంతు సవరించుకున్నాడు. నా ఆకు వైపు, కుడిపక్కన ఒక్క ముద్దతో వదిలేసిన నా వంశప్రతిష్ఠ వైపు జాలిగా చూశాడు.

"ఒరేయ్ రామం... కాస్త ఉప్పేసుకోరా."

అప్పుడు పేలిన నవ్వుకి డాబా కింద కట్టేసిన గేదెలు కూడా లేచి నిలబడ్డాయి. అందరికంటే ఎక్కువ నవ్వింది, మెట్ల మీద నిలబడి చూస్తున్న జానకి.

కనుక విజ్ఞులైన పాఠకుల సమక్షంలో, తినే అన్నం మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట నా కలంతో ఏ పోటీకీ నిబంధన రాయను. ఒకవేళ రాయాల్సి వస్తే, నాకు వర్తించదన్నది మొట్టమొదటి నిబంధనగా రాస్తాను.