పక్కింటి అక్క చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు మేము మలయాలో బంటింగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలో దాక్కున్న ఆ కమ్యూనిస్టులకు బియ్యం చేరకూడదని కూలీల ఇళ్ళన్నీ ఒకచోటికి తెచ్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క గోడ ఒక్కటే. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో 'చిరంజీవ' అనేవాళ్ళం.

ఆ పక్కింటివాళ్ళు మాలాగే తెలుగువాళ్ళు, కానీ వేదంలో కలిసి క్రైస్తవులైనవాళ్ళు. ఇంటి పెద్దను నేను మామయ్య అనేదాన్ని. తోటలో వేరే క్రైస్తవులు కూడా ఉండేవారు, పండక్కి మాకు పిండివంటలు పంపేవారు. మామయ్య చేరిన సంఘం అలాంటిది కాదు. వాళ్ళకు సినిమా పాపం, పూలు పాపం, గాజులు పాపం. ఆయన పెద్ద కూతురు, నేను అక్క అని పిలిచే అమ్మాయి, నర్సు చదువుకని పట్నం నుంచి దరఖాస్తు కాగితం తెప్పించుకుంది. పెళ్ళికాని పిల్ల తండ్రి గడప దాటకూడదని ఆయన సంతకం పెట్టలేదు.

ఒక సాయంత్రం గోడ అవతల అక్క తన చెల్లెలికి ఏదో పాట వినిపిస్తోంది. ఇద్దరూ నోళ్ళు నొక్కుకుని నవ్వుతున్నారు. నేను చెక్కల సందుకు చెవి ఆనించి కంఠతా పట్టేశాను.

నవ్వితే పాపం, నడిస్తే పాపం,
పువ్వెట్టుకుంటే పుట్టెడు పాపం,
తలకి ముసుగు, తలుపుకి గొళ్ళెం,
పరలోకం తాళం నాయిన మొల్లో!

మర్నాడు అందరూ నీళ్ళు పట్టుకునే పైపు దగ్గర గొంతెత్తి పాడాను. వారం తిరక్కుండానే పిల్లలందరికీ వచ్చేసింది. ఎవరో చివరి మాటలు మార్చి వాళ్ళ దేవుడి మీదికి తిప్పి, వేదంలో కలిసిన ప్రతి ఇంటి ముందూ ఆగి పాడి వెక్కిరించడం మొదలుపెట్టారు. నేనూ పాడాను. వరస చివరింట్లో ఒక పసిపిల్ల అది విని ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ మామయ్య పైపు దగ్గర ఆగాడు. చంకలో బైబిలు. నా ముందే నిలబడి, "ఏటే ఆ పాట? అర్థం సెప్పు" అన్నాడు.

ఒక్కో మాటా నోటికొచ్చు. కానీ ఆయన ముఖం చూస్తూ ఒక్క మాటకీ అర్థం చెప్పలేకపోయాను. "తెలీదు, మామయ్యా" అన్నాను.

"ఎవులు కట్టినారు?"

నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. అప్పుడు అక్క బకెట్ కింద పెట్టి ముందుకొచ్చింది. "నానే కట్టినాను నాయినా. అర్థం నానే సెప్తాను."

చెప్పింది, ఒక్కో వరుసా తీసి. చెల్లి ప్రార్థనలో నవ్విందని అన్నం పెట్టకుండా నిలబెట్టిన రోజు. ఆయన అడుగుల చప్పుడుకి అమ్మ తల్లోంచి పువ్వు పీకి పొయ్యిలో వేసిన రోజు. సంతకం లేని కాగితం. ఆఖరికి చివరి వరుసకు వచ్చింది. "ఇందులో దేవుడి మీద ఒక్క మాట నేదు నాయినా. నానూ ఆయన్నే మొక్కుతాను. ఆయన తలుపు తీసే ఉంచినాడు. తాళం ఏసింది నువ్వు."

తర్వాత మావైపు తిరిగింది. "మీరు మార్చి పాడినది నా పాట కాదు. దానికి ఏడ్సింది మా నాయిన కాదు, ఆ సివరింటి పసిపిల్ల."

మామయ్య చెయ్యెత్తలేదు. ఇంటికి వెళ్ళిపోయాడు.

పాట బయటికి ఎలా వచ్చిందో అక్క చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య రబ్బరు చెట్లు గీసే కత్తి నూరుకుంటున్నాడు.

"గోడ సందులోంచి విని బయటెట్టింది నానే, మామయ్యా."

"ఎందుకు పాడినావు?"

"నవ్వొచ్చింది."

"నాకు రానేదు" అన్నాడు. మళ్ళీ కత్తి నూరుకోసాగాడు.

ఆయన చివరిదాకా సంతకం పెట్టలేదు. అక్క వాళ్ళమ్మ, మా అత్తయ్య, ఎవరినీ అడక్కుండా తోట గుమాస్తా దగ్గరికి నడిచి వెళ్ళి ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది. మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన వారంలో, గేటుకు కొత్త జెండా కట్టిన రోజుల్లో, అక్క బయల్దేరింది. మామయ్య ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆమె రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచాడు.

ఇప్పుడు నా మనవలు ఎవరినో వెక్కిరించే పాటలు ఫోన్‌లో తెచ్చి చూపిస్తారు. నేనూ నవ్వుతాను, నవ్వడం తప్పని ఎప్పుడూ అనను. ఒక్కటే అడుగుతాను: ఇది ఎవరి మీద పాటో వాళ్ళ ముఖం చూస్తూ దీని అర్థం చెప్పగలవా? చెప్పలేకపోతే మానెయ్యమంటాను. చెప్పగలిగితే గట్టిగా పాడమంటాను.