వరసలో ఆఖరున కూర్చున్న డౌటు

1985 వేసవి. అప్పట్లో నేను మాచవరంలో ఇంగ్లీషు టీచరుగా పనిచేస్తున్నాను. బడిలో పిల్లలకు చెప్పడం ఒక ఎత్తు, ఆదివారం పొద్దున్నే మా అద్దింటి వరండాలో పెద్దవాళ్ళకు చెప్పడం ఒక ఎత్తు. పిల్లలు చెప్పింది రాసుకుని పోతారు. పెద్దవాళ్ళు ప్రశ్నలతో ప్రాణం తోడేస్తారు.

వచ్చేది ఏడెనిమిది మంది. వాళ్ళకు నేనొక పద్ధతి పెట్టాను. వారమంతా పనిలో తమకు తగిలిన ఇంగ్లీషు మాటల్ని గుర్తుపెట్టుకుని రావాలి. వచ్చిన వరసలో కూర్చుని ఒక్కొక్కరే డౌటు అడగాలి. ఒకరిది తేలేదాకా రెండోవారు నోరు తెరవకూడదు. ఎవరైనా మధ్యలో మాట్లాడితే "ఇది క్లాసా, సంతా?" అని కసిరేదాన్ని. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ కోపానికి భయపడి వాళ్ళు నిశ్శబ్దంగా కూర్చుంటే, అదంతా నా క్రమశిక్షణ అని మురిసిపోయేదాన్ని.

ఆ డౌట్లు వింటే మాత్రం నవ్వాగేది కాదు. ఎరువుల కొట్టాయన, "'ఐ యామ్ హావింగ్ టూ బఫెలోస్' అంటే తప్పేంది టీచరమ్మా? నిజంగానే రెండున్నయ్ గదా" అని వాదించేవాడు. బస్సు కండక్టరుకు 'కజిన్' అన్న మాట మీద పెద్ద అభ్యంతరం. "బావనీ, పెదనాన్న కొడుకునీ ఒకే మాటతో పిలిస్తే ఇంక పెళ్ళి సంబంధాలు ఎట్టా చూసుకుంటారు వాళ్ళు?" అనేవాడు. 'డిడ్' తర్వాత 'వెంట్' ఎందుకు రాదో నేను ఆ వేసవిలో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

అందరికన్నా శ్రద్ధగా నేర్చుకునేవాడు వీరయ్య. నలభై ఏళ్ళ మనిషి. ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న సున్నపురాయి క్వారీలో మేట్. మేట్ అంటే కూలీల ముఠాకు పెద్ద. ఆఫీసరు చెప్పిన పని వాళ్ళతో చేయించేవాడు. పాత ఆఫీసరు తెలుగాయన. ఆయన పోయి, ఉత్తరాది నుంచి తెలుగు ముక్క రాని ఆయన వచ్చాడు. ఇంగ్లీషు రాకపోతే మేట్ పని పోతుందని వీరయ్య నా దగ్గర చేరాడు. చదివింది ఐదో తరగతే గానీ జ్ఞాపకశక్తి మాత్రం అసాధారణం. ఒకసారి విన్న వాక్యాన్ని అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు.

చేరిన కొత్తలోనే అతను అడిగిన డౌటు ఇది. "మీరుకీ నువ్వుకీ కలిపి 'యూ' ఒక్కటే అయితే, ఆఫీసర్ని 'యూ' అంటే కోప్పడడా అమ్మా?"

"చివర 'సార్' చేర్చు, సరిపోతుంది" అన్నాను.

"మరి ఆయన చెప్పింది నాకు అందకపోతే?"

"ముందు 'యస్ సార్' అను. పెద్దవాళ్ళ మాటకు అడ్డొస్తే పొగరనుకుంటారు. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని నా దగ్గరికి రా, నేను చెబుతాను."

ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట! మన దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊ కొట్టడం మర్యాద. వింటున్నామని చెప్పడానికి ఊ కొడతాం గానీ, అర్థమైందని చెప్పడానికి కాదు. ఆ మర్యాదకే నేను ఇంగ్లీషు చొక్కా తొడిగి పంపించాను.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం వీరయ్య ఆలస్యంగా వచ్చి వరసలో ఆఖరున కూర్చున్నాడు. కండక్టరు ఆ రోజు 'సిన్స్', 'ఫర్' పట్టుకున్నాడు. "మొదలైన రోజు చెబితే సిన్స్, ఎంత కాలమో చెబితే ఫర్" అని నేనంటే, ఒక్కో ఉదాహరణకూ ఒక్కో మెలిక పెట్టాడు. అరగంట పట్టింది. వీరయ్య రెండుసార్లు కదిలి మళ్ళీ సర్దుకు కూర్చోవడం చూశాను. చూసి కళ్ళెర్రజేశాను.

చివరికి అతని వంతొచ్చింది. లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న సాయంత్రం పేల్చినాక ఆఫీసరు ఎడం పక్క చెయ్యి జూపించి చెప్పాడమ్మా. 'టూ హోల్స్ హావ్ నాట్ ఫైర్డ్. నోబడీ షుడ్ గో దేర్ అంటిల్ ఐ కమ్ బ్యాక్ ఆన్ మండే.' 'టూ హోల్స్', 'గో' తప్ప ఇంకేదీ అందలా. ముందు ఈ 'అంటిల్' అంటే ఏందమ్మా?"

నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. క్వారీలో రాతికి గుంతలు తొలిచి, వాటిలో మందు కూరి, ఒత్తి ముట్టించి పేలుస్తారు. పేలకుండా మిగిలిపోయిన దాన్ని మిస్‌ఫైర్ అంటారు. దాని దగ్గర మళ్ళీ డ్రిల్లు పెడితే ఆ మందు పేలి మనుషులు ముక్కలౌతారని వీరయ్యే నాకు ఒకసారి చెప్పాడు.

"నువ్వేమన్నావు?"

"'అండర్‌స్టాండ్?' అని మూడుసార్లు అడిగాడమ్మా. మూడుసార్లూ 'యస్ సార్' అన్నా."

"ఇవాళ అక్కడికెవరూ పోలేదు కదా?"

"రెండు హోల్స్ అని చెయ్యి జూపించాడు గదా, అక్కడ ఇంకో రెండు తొలవమన్నాడేమో అనుకున్నా. తొమ్మిదింటికి మా చెల్లెలి మొగుడు కోటేశు వాళ్ళు ఐదుగురినీ దించే వచ్చా."

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. నేను అర్థం చెప్పాను. వీరయ్య ఒక్క అంగలో మెట్లు దిగి సైకిలు తీశాడు. నేను వెనకాలే పరుగెత్తి క్యారియర్ మీద ఎక్కి కూర్చున్నాను. మాచవరం బజారులో టీచరమ్మ ఒక క్వారీ మేట్ సైకిలెక్కి పోవడం ఊరంతా చూసింది. ఆ రోజు నాకు సిగ్గన్నది గుర్తు రాలేదు. నా సలహా వల్లే ఆ మనుషులు ఆ గుంతల దగ్గరికి దిగారు. వరండాలో కూర్చుని ఎదురుచూడటం నా వల్ల కాదు.

ఆ రెండు మైళ్ళూ నేను పడ్డ భయం జన్మలో ఎప్పుడూ పడలేదు. సగం దూరంలో కంప్రెసర్ మోత వినపడింది. డ్రిల్లుకు గాలి పంపే యంత్రం అది. ఆ మోత వినిపిస్తున్నంతసేపూ వాళ్ళు బతికే ఉన్నారని ధైర్యం. వినిపిస్తున్నంతసేపూ డ్రిల్లు దిగుతూనే ఉందని వణుకు. మోత ఆగాలని మొక్కుకోవాలో, ఆగకూడదని మొక్కుకోవాలో తెలియలేదు. వీరయ్య తొక్కుతూ ఏడుస్తున్నాడు. "మా చెల్లెలికి ఏం జెప్పాలమ్మా" అన్నది ఒక్కటే మాట.

క్వారీ అంచుకు చేరగానే సైకిలు పడేశాడు. కేకేస్తే వినపడే చోటు కాదది. రేకుల షెడ్డులోంచి ఎర్ర జెండా, ఈల తెచ్చి అంచు మీద నిలబడి జెండా ఊపాడు. కంప్రెసర్ మనిషి చూసి యంత్రం ఆపాడు. అప్పుడు మూడుసార్లు ఈల ఊదాడు. అది పేల్చబోయే ముందు ఊదే ఈల. దానికి అర్థం ఎవరూ అడగరు. పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేసి ఐదుగురూ పరుగున పైకొచ్చారు. ఐదుగురినీ వేలుపెట్టి లెక్కపెట్టాను, రెండుసార్లు.

కోటేశు రొప్పుతూ అడిగాడు. "ఏంది బావా, ఆదివారం పూట పేల్చేదేంది?"

"ఆ ఎడం పక్క రెండు పేలలేదంట్రా. ఆఫీసరు నిన్ననే జెప్పాడు."

"మరి దించావేందయ్యా మమ్మల్ని?"

"నాకు అర్థం గాలా."

"అర్థంగాకపోతే అడగొద్దా?"

వీరయ్య నా వైపు చూడలేదు. "నాకు బుద్ధిలేక అడగలా" అన్నాడు. అంత భయంలోనూ నా పేరు బయటికి రానివ్వలేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "నేనే వద్దన్నాను కోటేశూ" అన్నాను.

మొదటి గుంత తొలవడం అప్పటికే అయిపోయింది. రెండో దాంట్లో డ్రిల్లు నిలబడి ఉంది. దానికీ పేలని గుంతకూ మధ్య ఎంత దూరమో అడిగితే కోటేశు బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించాడు. జానెడు.

సోమవారం ఆఫీసరు వచ్చాక వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. "మూడుసార్లు అడిగాను మేడమ్, అర్థమైందా అని" అన్నాడాయన, తెల్లబోయిన మొహంతో. అలా అడిగితే మావాళ్ళు కాదనరని, చెప్పింది తిరిగి చెప్పించుకోవాలని ఆయనకు చెప్పాను. ఆ ముక్క నాకూ అంతకు ముందురోజే తెలిసిందని కూడా ఒప్పుకున్నాను. వీరయ్య మేట్ పని పోలేదు.

ఆ తర్వాత పాతికేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. 'అర్థమైందా?' అని మళ్ళీ ఏ క్లాసులోనూ అడగలేదు. "నేనేం చెప్పానో నీ మాటల్లో చెప్పు" అని అడిగేదాన్ని. డౌటుకు వరస కూడా తీసేశాను. ఎవరికి తొందరుంటే వాళ్ళు నా మాటకు అడ్డొచ్చి అడగొచ్చు. తోటి టీచర్లు నా క్లాసు చేపల బజారులా ఉందని నవ్వేవాళ్ళు. నవ్వనీ. క్లాసంతా ఒక్క గొంతుతో "యస్ మేడమ్" అంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టేది కాదు. ఎవరైనా లేచి "నాకు అర్థం కాలా, మళ్ళీ చెప్పండి" అంటే, ఆ ఒక్కరి గురించి భయం లేదని గుండె కుదుటపడేది.