మిల్లు గేటుకు పెట్టిన బొట్టు

మా మేనత్త పోయిందని తోటపల్లి గూడూరు నుంచి మనిషి వచ్చి చెప్పేసరికి నేను పాఠం చెప్పడానికి బడికి బయల్దేరుతున్నాను. "తెల్లారి మడికి పొయ్యొచ్చి అరుగు మీద కూర్చున్నిందమ్మా. అట్టే వాలిపోయింది" అన్నాడు. ఏ మడి అని అడగలేదు. కాలవ చివర ఉన్న మడే అయ్యుంటుంది.

మామ బతికుండగా ఎవరో స్నేహితుడి మాట మీద మద్రాసులో ఒక బట్టల మిల్లు షేర్లు కొన్నాడు. ఆయన పోయాక ఆ కాగితాలు అత్త ట్రంకుపెట్టెలో చీరల కింద ఉండేవి. ఏటా వాటి మీద కాస్త డబ్బు వచ్చేది. "మీ మామ పంపిస్తా ఉండాడు" అని నవ్వేది.

ఒక ఏడు ఆ షేర్ల ధర ఎగబాకింది. నెల్లూరు బస్సులో వచ్చే పేపరు తీసి నాన్న ధర చదువుతుంటే అరుగు నిండా జనం చేరేవాళ్ళు. వాన లేదు, ఎరువు లేదు, పెట్టెలో కాగితం పెరుగుతోంది! పుట్టినప్పటినుంచీ మట్టిని నమ్ముకున్న ఆ రైతులు ధరను మళ్ళీ మళ్ళీ చదివించుకునేవాళ్ళు. ఒకాయన పెట్టెను తాకి కళ్ళకద్దుకున్నాడు కూడా.

అదే ఏడు కాలవ నీళ్ళు చివరిదాకా రాలేదు. పొట్టకొచ్చిన వరి వాడిపోతోంది. షేర్లు అమ్మి ఆయిలింజను కొంటే బావి నీళ్ళతో మడి బతుకుతుంది.

"ఇప్పుడే అమ్మెయ్. ఎక్కింది దిగకుండా ఉంటుందా?" అన్నాడు నాన్న.

"అమ్ముతాలే అన్నా. ముందు మిల్లు చూడాల."

"మడి ఎండిపోతా ఉంటే మిల్లును చూసేదేందే, పిచ్చిదానా!"

"ఇన్నేళ్ళు మనకు పాలిచ్చింది. గొడ్డును అమ్మేటప్పుడు కడుపునిండా మేపి, బొట్టుపెట్టి గదా పంపేది. దీన్ని మొహం కూడా చూడకుండా ఎట్టా తోలేసేది?"

నాన్న తల కొట్టుకున్నాడు. అత్తతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఆమె వెంట నేను రైలెక్కాను.

మిల్లు గోడ వీధి పొడుగునా సాగిపోయింది. యంత్రాల మోత మా కాళ్ళ కింద నేలలో తెలుస్తోంది. అత్త కొంగులోంచి కుంకుమ పొట్లం తీసి, "నేను పెట్టగూడదు, నువ్వు పెట్టు అమ్మణ్ణీ" అంది. సిగ్గుతో చచ్చిపోతూ గేటుకు బొట్టు పెట్టాను. కాపలా మనిషి అరవంలో గద్దించబోయి, కుంకుమ చూసి పక్కకు జరిగాడు.

అంతలో షిఫ్టు అయిన కూత వినిపించింది. గేటు తెరుచుకుని జనం, ఇంకా జనం, తల నిండా పత్తి నలుసులతో. అత్త నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది.

"అబ్బా, ఇంతమందా! ఆ కాగితం దానంతట అది పెరగలేదమ్మణ్ణీ. వీళ్ళు పెంచినారు."

ఒక పిల్లను ఆపి ఆమె జుట్టులోంచి కాస్త పత్తి తీసుకుంది. ఆ పిల్ల నవ్వేసి వెళ్ళిపోయింది. గొడ్డును అమ్మినా పలుపుతాడు మాత్రం కొన్నవాళ్ళకివ్వం మేము, ఇంట్లోనే ఉంచుకుంటాం. "ఇదే మన పలుపు" అని పత్తిని కొంగున ముడేసుకుంది అత్త.

బ్రోకరు దగ్గరికి వెళ్ళేసరికి ధర జారింది. కొత్త ఇంజనుకు చాలక పాతది కొన్నాం. అది వచ్చేలోగా సగం మడి ఎండి గడ్డి అయిపోయింది. నాన్న చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాతెప్పుడో ధర మళ్ళీ పెరిగి, "అమ్మకుండా ఉంటే లచ్చాధికారివి గదక్కా" అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టిస్తే, "ఉంచుకుంటే మడికి నీళ్ళెవురు పోస్తారు, నువ్వా?" అనేది. ఆమె చేసింది తెలివో తెలివితక్కువో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటి మనిషిని మాత్రం మళ్ళీ చూడలేదు.

కర్మలు ముగిసిన మర్నాడు నాన్నా నేనూ మడికి వెళ్ళాం. నేల నెర్రెలు విచ్చుతోంది. ఇంజను చక్రానికి అత్త కట్టిన దారం అలాగే ఉంది. ఆ పత్తినే వడికి, పసుపు రాసి కట్టింది, నూనెకు నల్లబడిపోయింది. నాన్న ఒక చేత్తో దాన్ని తడిమి, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుని హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి అందుకుంది. దారం చక్రంతో పాటు తిరిగి తిరిగి కంటికి కనపడకుండా పోయింది. నీళ్ళు చివరి గట్టు దాకా పారాయి.