దామోదర్ గారు చావనివ్వని వాళ్ళు

“నాలుగో రీలు ఏదండీ?”

“రాలేదు.”

“డబ్బాలు ఐదొచ్చాయి. నేనే సైన్ చేసి తీసుకున్నాను.”

“ఒకటి ఖాళీదేమో, కృష్ణమూర్తి గారూ.”

ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో అద్దెకు తీసుకున్న హైస్కూల్ హాల్లో, తెలుగు సంఘం సెక్రటరీ కృష్ణమూర్తికీ ప్రొజెక్టర్ నడిపే దామోదర్ గారికీ మధ్య గొడవ. వెనక వరుసలో గోపాల్ పళ్ళు నూరుతూ వింటున్నాడు.

దామోదర్ గారికి ఒకటే జబ్బు. తెర మీద ఎవర్నీ చావనివ్వరు. 1979 నుంచి ఈ నాలుగేళ్ళలో ఆ హాల్లో ఒక్క ప్రాణం పోలేదు. హీరో తల్లి దగ్గడం మొదలుపెడితే చాలు, బల్బు మాడిపోయేది. మళ్ళీ వెలిగేసరికి ఆవిడ ఫోటోకి దండ. ఎవడైనా తుపాకీ ఎత్తితే ఫిల్ము తెగేది. అతికించేసరికి హీరోయిన్ తెల్లచీరలో ఉండేది. ఇక్కడ పుట్టిన పిల్లలు అదేదో ఫ్యాషన్ అనుకునేవాళ్ళు.

ఈసారి వచ్చింది యుద్ధం సినిమా. తన కెప్టెన్ని శత్రువుకి పట్టించిన ద్రోహిని చంపుతానని ఒట్టేసుకున్న జవాను, పొట్టలో తూటాతో కందకంలో పడ్డాడు. మూడో రీలు అయిపోయింది. దామోదర్ గారు తిన్నగా ఐదో డబ్బా మూత తీశారు. కాలేజీ మధ్యలో వదిలేసి గ్యాస్ స్టేషన్లో పనిచేస్తున్న గోపాల్, ఆ పగ తీరడం చూద్దామనే మంచులో గంట డ్రైవ్ చేసి వచ్చాడు.

ఫిల్ము అతికించే టేపు తెస్తానంటూ దామోదర్ గారు పార్కింగ్‌లోకి నడిచారు. గోపాల్ వెంటపడ్డాడు. కారు ట్రంకులో దుప్పటి కింద నాలుగో రీలు దొరికింది.

“ఏంటంకుల్ ఇది? మీకేమైనా పిచ్చా?”

“ముందు వరుసలో కోటమ్మగారిని చూశావా, రేణు వాళ్ళమ్మ? డెబ్బై ఒకటి యుద్ధంలో ఆవిడ కొడుకూ నేనూ ఒకే యూనిట్. వాడికీ పొట్టలోనే తగిలింది. రెండు రోజులు బతికాడు. నీళ్ళడుగుతూనే ఉన్నాడు, డాక్టర్లు ఇవ్వకూడదన్నారు.”

గోపాల్ రీలు మీంచి చెయ్యి తీసేశాడు.

“క్షణంలో పోయాడని ఆవిడకి ఉత్తరం రాసింది నేనే. పన్నెండేళ్ళుగా అదే నమ్ముకుని ఉంది. ఈ రీల్లో ఆ జవాను అరగంట నీళ్ళడుగుతాడు.”

“మరి మిగతా సినిమాలన్నీ ఎందుకు తగలేశారు?”

“నాలుగేళ్ళ క్రితం ఆవిడ ఇక్కడికి, కూతురు రేణు ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఇలాంటిది ఒకటి వస్తుందని తెలుసు. ఈ ఒక్కటీ ఆపితే అనుమానం రాదూ?”

గోపాల్ దుప్పటి మళ్ళీ కప్పి, ట్రంకు మూసేశాడు. హాల్లోంచి ఈలలు వినిపిస్తున్నాయి.

“ఒక సాయం చెయ్యరా,” అన్నారు దామోదర్ గారు. “కృష్ణమూర్తి మర్యాదస్తుడు, తిట్టడం చాతకాదు. నువ్వు లోపలికెళ్ళి స్టేజీ పక్కన నిలబడి నన్ను ఐదు నిమిషాలు గట్టిగా తిట్టు. ఈలోగా ఐదో రీలు ఎక్కిస్తాను. నన్నెవరైనా తిడితే కోటమ్మగారు కడుపుబ్బా నవ్వుతుంది.”