గడియారం కనిపించని నీళ్లు

పరశురాములు బొగ్గుబాయిల నౌకరి చేసినన్నొద్దులు నీళ్ల మీద పగబట్టినట్టే బతికిండు. పంపు ఆపరేటర్. భూమిలోపల మనుషులు బొగ్గు తవ్వుతుంటే, అడుగున ఊరే నీళ్లను ఎత్తి బయట పారబోసుడు ఆయన పని. పంపు గొంతు మారితే తినే బువ్వ ఇడిసిపెట్టి ఉరికేటోడు. రిటైరైననాడు తోటోళ్లు నీళ్లల్ల మునిగినా ఆగని చేతిగడియారం కొనిచ్చిండ్రు. అది కట్టుకొని చొప్పదండి దగ్గరి సొంతూరికొచ్చి, పాతపడ్డ గ్రానైటు క్వారీ గుంతను కౌలుకు పట్టి, నిండిన వాననీళ్లల్ల చాపపిల్లల్ని వదిలిండు.

"ఇన్నేండ్లు నీళ్లను ఎళ్లగొట్టినవు. ఇప్పుడు గా నీళ్లే నీకు బువ్వ పెడుతయా?" అన్నది పెండ్లాం వనజ.

"సూస్తా ఉండు. మృగశిర నాడు ఊరోళ్లందరి కంచంల నా గుంత చాపలే!"

ఆ మాట ఇంట్ల అంటే బాగుండేది. చాయ్ హోటల్ కాడ సుత అన్నడు. మృగశిర నాడు చాప తినకుంటే వానకాలం మొదలైనట్టే అనుకోని ఊరది. అందరు గుర్తుపెట్టుకున్నరు.

ఒకప్పుడు లారీలు దిగిన బాట మీదుగ అదే ఊరి సత్తమ్మ బర్లు రోజూ గుంతలకు దిగేటియి. బురద కెలికి, పేడ వేసి, మెడదాక మునిగి, పరశురాములు దిక్కే చూసుకుంట నెమరేసేటియి. నీళ్లు పచ్చబడ్డయి.

"సత్తక్కా, గీ దరిద్రపు బర్లను తోలుకపో. నా నీళ్లు ఖరాబైతున్నయి."

"నీ నీళ్లా? బిందెతోని నువ్వు పోసినవా?"

మాటలతోని గెలిచేటట్టు లేదని, దసరా కాంగనే బాటకు అడ్డంగ తుమ్మకంప కొట్టిండు. కొన్నాళ్లకు నీళ్లు తేరుకున్నయి. ఎవరొచ్చినా పరశురాములు గడియారం కట్టిన చెయ్యిని మోచేతి దాక ముంచి "టైమెంత?" అని అడుగుడు. వచ్చినోళ్లు నీళ్లల్లకు తొంగి చూసి చెప్పుడు. అద్దమంటే అద్దమే.

ఒక్కటే తక్కువ. చాపలు పెరుగుతలేవు. శివరాత్రి దాటినంక వలేస్తే వచ్చిన బొచ్చె చాపలకు తల పెద్దమనిషిది, ఒళ్లు చంటిపిల్లది. వనజ ఒకదాన్ని తోకపట్టి ఎత్తింది. "కూరకా, దండెం మీద ఆరేసుకోనికా?"

ఆ వారంలనే పరశురాములు చెల్లె బిడ్డ జ్యోతిరాణి వచ్చింది. ఆమెది విశాఖపట్నంల కొలువు, ఓడ మీద తిరిగి సముద్రపు నీళ్లు పరీక్షించే పని. సన్నబట్టతోని గరాటు తీరు కుట్టిన వలను గుంతల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గుంజి, కొసకు కట్టిన సీసాను ఎండకు పెట్టి చూసింది. ఏమీ లేదు.

"మామా, అచ్చం సముద్రం నడుమ నీళ్లే."

పరశురాములు ఛాతీ ఉబ్బింది. "విన్నవా వనజా! సముద్రమంట!"

"జర ఆగు మామా. నడి సముద్రం నీలంగ మెరిసేది అండ్ల తినేది లేకనే. ఎడారి అది."

నీళ్లల్ల తేలే కంటికానని నాచు, దాన్ని తినే సన్నపురుగులు, అన్నిటిని కలిపి ప్లాంక్టన్ అంటరని చెప్పింది. చాపలకు బువ్వ అదే. నాచుకు ఎండ కావాలె, ఎరువు కావాలె. ఎండేమో పైన, ఎరువేమో అడుగున. కాగిన నీళ్లు తేలికై మూత లెక్క పైన కూసుంటయి, కింది చల్లనీళ్లను రానియ్యవు. అందుకే వెచ్చటి నడి సముద్రంల రకాలు మస్తు, కాని అన్నీ సన్నయి, పంట తక్కువ. గాలి ఒడ్డునీళ్లను అవతలికి తోసే కాడ అడుగునీళ్లు పైకొస్తయి. చలిదేశాల్ల చలికాలం పైనీళ్లను, కిందినీళ్లను కలియబెడుతది, ఎండ రాంగనే పచ్చబడుతది. పెద్ద జాతుల నాచు అక్కడ, చాపల గుంపులు అక్కడ.

"ప్రవాహాలు అన్నిటినీ మోసుకపోతయి మామా. ఎక్కడ ఏది బతుకుతదో మాత్రం నీళ్ల వేడి, ఎరువు తేలుస్తయి."

"అంటే అడుగునీళ్లు పైకి తేవాలె. గదేనా? నీళ్లెత్తుడు నాకు చెప్తవా!"

తెల్లారి పైపు అడుగుకు దింపిండు. జాయింట్లకు జనపనార చుట్టి బిగించి, పంపు గొంతు చెవి పెట్టి విన్నడు. పని మాత్రం పనే. చుక్క కారలే. అడుగునీళ్లు వచ్చినయి, చల్లగ, అద్దం లెక్క. ఎన్నొద్దులు తోడినా అద్దమే.

ఫోన్ల జ్యోతిరాణి నవ్వింది. "బండ గుంత అడుగున ఏముంటది మామా? ఎవరన్న ఎరువు వేస్తే గద పైకొచ్చేది. ఇదివరకు ఎవరేసేటోళ్లు?"

పరశురాములు తుమ్మకంప దిక్కు చూసిండు.

ఆ పొద్దే సత్తమ్మ కొట్టం కాడికి పోయిండు. "అక్కా, బర్లను జర తోలుకరా."

"ఏ బర్లను? దరిద్రపు బర్లనా?"

"తప్పయింది."

"నాకెందుకు చెప్తవు? నువ్వు తిట్టింది నన్నా? గదిగో, గా పెద్దకొమ్ములది. దానికి చెప్పు."

పరశురాములు అటిటు చూసిండు. చాయ్ హోటలోళ్లెవరు లేరు. బర్రె ముందల నిలబడి "తప్పయింది తల్లీ" అన్నడు. బర్రె ఆయన మొఖం మీదనే తుమ్మింది.

"మన్నించింది" అన్నది సత్తమ్మ.

కంప ఆయనే పీకిండు. మోచేతుల దాక గీరుకపోయినయి. ఎక్కువ పేడ పడితే నీళ్లు మురుగుతయని జ్యోతిరాణి చెప్పింది గనుక, పొద్దుగాల కొంచెంసేపే బర్లు. మిగిలిన పొద్దంతా పంపుతోని కింది నీళ్లు పైకి, పైనీళ్లు కిందికి.

ఎండలు ముదిరినయి. మృగశిర దగ్గరపడ్డది. ఒకనాడు సత్తమ్మ బర్లను కడుగుతుంటే, పరశురాములు గట్టు మీద వంగి మోచేతి దాక చెయ్యి ముంచిండు. బలిసిన బొచ్చె ఒకటి ఆయన వేళ్లను రాసుకుంట పోయింది.

"సత్తక్కా, టైమెంతైంది?"

"నన్నడుగుతవేంది? గడియారం నీ చేతికే ఉండె గద!"

"కనిపిస్తలేదు" అన్నడు పరశురాములు, పండ్లన్ని బయటపెట్టి.