కుండ మీది మగబాతు

మ్యూజియంలో పక్షుల బొమ్మల గదికి కాపలాగా చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. అంతకుముందు ఇరవై రెండేళ్లు బాతులు పెంచింది. మోకాళ్లు మొరాయించాక చెల్లెలు ఈ పని చూసిపెట్టింది. "కుర్చీలో కూర్చుని, ఎవరూ చెయ్యి పెట్టకుండా చూడటమే అక్కా," అంది.

ఆమెకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. రోజూ గదంతా చుట్టి వచ్చేది. ఒక మూల గుహ గోడ మీది గుడ్లగూబ నకలు, ఇంకో మూల నిన్నగాక మొన్న వేసిన నీటిరంగుల కాకులు. మధ్యలో వేల ఏళ్ల పక్షులు. గుడ్లగూబ తల పూర్తిగా వెనక్కి తిప్పి చూస్తుంటే, "గీసినవాడు దాని వెనకాల నక్కి దొరికిపోయాడు" అని నవ్వుకునేది. ఒక్క పాతకాలపు కుండ దగ్గరే మనసు ఒప్పేది కాదు. దాని మీద నల్లరంగులో వరుసగా మూడు పక్షులు. కింద చీటీ మీద "హంసలు" అని ఉంది.

నెల రోజులు ఎవరితోనూ అనకుండా ఓర్చుకుంది. ఓ పొద్దున మ్యూజియం పెద్దసారు అటుగా వెళ్తుంటే ఇక ఆగలేకపోయింది.

"తప్పుగా అనుకోకండి సార్. ఇవి హంసలు కావు, బాతులు. అందులోనూ మగవి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "మగవని కూడా తెలిసిపోయిందా?"

"తోక చూడండి. పైన ఈక ఉంగరంలా మెలితిరిగింది కదా? మగబాతుకే అలా ఉంటుంది."

"గీసినవాడి చెయ్యి జారిందేమో!"

"మూడుసార్లూ అక్కడే జారిందా సార్?"

ఆయనకు నవ్వూ వచ్చింది, గుబులూ పట్టుకుంది. ఆ చీటీ రాసింది ఆయనే మరి. వారం పాటు పుస్తకాలు తిరగేశాడు, పక్షులు తెలిసినవాళ్లకు ఫోటోలు పంపాడు. చివరికి కొత్త చీటీ పట్టుకొచ్చి, గాజుపెట్టె తాళం తీసి, "మీరే పెట్టండి," అన్నాడు. ఆమె "హంసలు" చీటీ తీసి "మగబాతులు" చీటీ పెట్టింది.

అప్పట్నుంచి ఆమె బాతులమ్మ అయింది. శనివారాలు బడిపిల్లలకు గది చూపించే పనీ ఆమెదే. ఈమధ్య ఇనుప తీగ వంచి చేసిన కొంగ ఒకటి కొత్తగా వచ్చింది.

"దీనికి కన్ను లేదేంటండీ?" అని ఒక పాప అడిగింది.

"చేసినాయన ఈ ఊళ్లోనే ఉన్నాడమ్మా. కుండ చేసినవాణ్ని ఎలాగూ అడగలేం, ఈయన్నైనా అడిగేద్దాం."

అందరూ కలిసి కార్డు రాశారు. మరుసటి శనివారం కొంగ చేసిన ఆ పెద్దమనిషే పటకారు పట్టుకుని దిగాడు. "నిజం చెప్పాలంటే మర్చిపోయానండీ," అన్నాడు.

కన్ను ఎక్కడ పెట్టాలో ఆయనకు చూపించడానికి పిల్లలందరి వేళ్లూ ఒక్కసారే లేచాయి.